అకౌంటింగ్, ఫైనాన్స్ విద్యార్థులతో మీ వ్యాపారానికి పనికొచ్చే ప్రాజెక్టు చేయించుకోవడం ఎలా

యూనివర్సిటీలో అకౌంటింగ్, ఫైనాన్స్ చదివే పిల్లలతో ఒక ప్రాజెక్టు చేయించుకుందామని చాలా వ్యాపారాలకు ఉంటుంది, యూనివర్సిటీలు కూడా అలాంటి వ్యాపారాల కోసమే వెతుకుతుంటాయి. అయినా చాలా ప్రాజెక్టులు ఒక ప్రజెంటేషన్, నాలుగు చప్పట్లు, ఒక గ్రూప్ ఫొటోతో ముగిసిపోతాయి, ఆ రిపోర్టుని తర్వాత ఎవరూ తెరవరు. విద్యార్థులకు చేతకాక ఇలా అవుతుందని నేననుకోను. ప్రశ్న సరిగ్గా ఇవ్వకపోవడం, ఇచ్చినా దానికి తగ్గ లెక్కలు చేతికివ్వకపోవడం, లెక్కలిచ్చినా అడిగినప్పుడు జవాబు చెప్పే మనిషి లేకపోవడం, ఇవన్నీ వ్యాపారం వైపు జరిగే లోపాలే. కాబట్టి ఇదంతా వ్యాపారం వైపు కూర్చున్న మీకోసం రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకోండి, మీకు కావాల్సింది ఇంటర్నా, ప్రాజెక్టా? ఇంటర్న్ మీ ఆఫీసులో ఒక కుర్చీలో కూర్చుని మీరు రోజూ చెప్పే పని చేస్తాడు. ప్రాజెక్టు అంటే నలుగురైదుగురు విద్యార్థుల బృందం ఒక సెమిస్టర్ పాటు, అంటే సుమారు 12 నుంచి 15 వారాలు, ఒకే ప్రశ్న పట్టుకుని పనిచేస్తుంది, వాళ్ల వెనక ఒక ప్రొఫెసర్ ఉంటారు, చివర్లో మార్కులు పడతాయి. అదే సమయంలో వాళ్లకి ఇంకో నాలుగు సబ్జెక్టులు, పరీక్షలు ఉంటాయి. నలుగురు మనుషులు, వారానికి తలా ఐదు గంటలు, 12 వారాలు అనుకుంటే మొత్తం 240 గంటలు. మొదటి రెండు మూడు వారాలు మీ వ్యాపారం అర్థం చేసుకోవడానికే సరిపోతాయి, చివరి రెండు వారాలు రిపోర్టు రాయడానికీ ప్రజెంటేషన్‌కీ పోతాయి. అసలు పనికి మిగిలేది సుమారు 150 గంటలు. ఆ గంటల్లో తేలే ప్రశ్నే ఇవ్వాలి, ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న

"మా లాభాలు పెంచే మార్గాలు చెప్పండి" అని ఇస్తే ఏ బృందం నుంచైనా వచ్చే జవాబు ఒకటే: ఖర్చులు తగ్గించండి, అమ్మకాలు పెంచండి, సోషల్ మీడియా వాడండి. అది చెప్పడానికి లెక్కలు చదివినవాళ్లు అక్కర్లేదు. ప్రశ్న మంచిదో కాదో చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. జవాబు అవునని వస్తే వచ్చే నెల ఏం చేస్తారు, కాదని వస్తే ఏం చేస్తారు అని మిమ్మల్ని మీరే అడగండి. రెండింటికీ ఒకటే చేసేలా ఉంటే ఆ ప్రశ్న వదిలేయండి, ఎందుకంటే దాని జవాబు మీద ఏ నిర్ణయమూ ఆధారపడి లేదు. ఇంకొకటి, ఆ ప్రశ్నకి కావాల్సిన అంకెలు మీ పుస్తకాల్లో ఇప్పటికే ఉండాలి. అంకెలు పుట్టించే పని కూడా విద్యార్థుల మీదే పెడితే సెమిస్టర్ అక్కడే అయిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రాజెక్టు రావాల్సిన బాకీల మీద చేసేది, ఎందుకంటే ఇది దాదాపు ప్రతి వ్యాపారంలోనూ ఉన్న నొప్పి, పైగా విద్యార్థులు క్లాసులో నేర్చుకున్నది సూటిగా పనికొస్తుంది. ఏడాదికి మీ అరువు అమ్మకాలు 120 లక్షలు, ఇప్పుడు బయట ఉన్న బాకీ 20 లక్షలు అనుకోండి. 20ని 120తో భాగించి 365తో గుణిస్తే 61 రోజులు వస్తుంది. మీ బిల్లు మీద మాత్రం 30 రోజుల్లో చెల్లించాలని ఉంది. మిగతా 31 రోజులు ఎక్కడికి పోతున్నాయి? "కస్టమర్లు సతాయిస్తున్నారు" అని యజమాని అంటాడు, అది కొంతవరకే నిజం కావచ్చు. బృందానికి ఒక 50 బిల్లులిచ్చి ప్రతి బిల్లుకీ నాలుగు తేదీలు రాయమనండి: సరుకు వెళ్లిన రోజు, బిల్లు తయారైన రోజు, అది కస్టమర్‌కి చేరిన రోజు, డబ్బు వచ్చిన రోజు. ఈ నాలుగు తేదీలూ పక్కపక్కన పెట్టి చూస్తే, సరుకు వెళ్లిన వారానికి గానీ బిల్లు తయారవడం లేదనో, పర్చేజ్ ఆర్డర్ నంబర్ లేక బిల్లులు వెనక్కి వస్తున్నాయనో, సేల్స్‌లో ఎవరో నోటిమాటగా 60 రోజులు గడువిచ్చేశారనో బయటపడుతుంది. ఒక్కో కారణానికి ఎన్ని రోజులు పోతున్నాయో, ఎంత డబ్బు ఇరుక్కుపోతోందో లెక్క కట్టమంటే ఆ రిపోర్టు మర్నాటి నుంచే వాడుకోవచ్చు.

రెండోది, ఏ కస్టమర్ మీద, ఏ వస్తువు మీద మీకు నిజంగా మిగులుతోంది అన్నది. ఇక్కడ ఒక ఉదాహరణ లెక్క చూడండి. ఇద్దరు కస్టమర్లున్నారు. మొదటివారు ఏడాదికి 80 లక్షల సరుకు 40 ఆర్డర్లలో కొంటారు, రెండోవారు 20 లక్షల సరుకు 160 ఆర్డర్లలో కొంటారు. ఇద్దరి మీదా స్థూల లాభం (అమ్మిన ధరలోంచి సరుకు ఖరీదు తీసేస్తే మిగిలేది) 25 శాతం, అంటే 20 లక్షలు, 5 లక్షలు. ప్యాకింగు, డెలివరీ, బిల్లింగు కలిపి 10 లక్షలు ఖర్చు. ఆ ఖర్చుని అమ్మకాల నిష్పత్తిలో పంచితే ఒకరికి 8, ఇంకొకరికి 2 పడి, ఇద్దరి మీదా లాభమే కనిపిస్తుంది, 12 లక్షలు, 3 లక్షలు. అదే ఖర్చుని ఆర్డర్ల సంఖ్యని బట్టి పంచితే మొదటివారి మీద 18 లక్షలు మిగులుతుంది, రెండోవారి మీద 3 లక్షలు పోతుంది. 1980ల్లో రాబర్ట్ కప్లాన్, రాబిన్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్‌లోని అసలు సంగతి ఇదే, ఏ పని వల్ల ఖర్చు పుడుతోందో ఆ పనిని బట్టే ఖర్చు పంచాలి. విద్యార్థులకు ఇది సిలబస్‌లో ఉంటుంది గానీ నిజమైన వ్యాపారంలో చేసే అవకాశం రాదు, అందుకే ఇస్తే ప్రాణం పెట్టి చేస్తారు. అయితే ఒక జాగ్రత్త చెప్పండి. రెండోవారిని వదిలేస్తే ఆ 8 లక్షల ఖర్చూ పోతుందా, లేక జీతాలూ వ్యానూ ఎలాగూ ఉంటాయి కాబట్టి చాలావరకు అలాగే ఉండిపోతుందా అన్నది విడిగా తేల్చమనండి. చాలా బృందాలు తడబడేది ఇక్కడే. చాలాసార్లు కస్టమర్‌ని వదులుకోనక్కర్లేదు, కనీస ఆర్డర్ పరిమాణం పెట్టడమో డెలివరీ ఛార్జీ వేయడమో సరిపోతుంది.

నగదు అంచనా కూడా మంచి ప్రాజెక్టే. 13 వారాల అంచనా అంటే ఒక త్రైమాసికం, వారం వారం ఎంత డబ్బు లోపలికొస్తుంది, ఎంత బయటికి పోతుంది అన్నది. ఇది లాభనష్టాల పట్టికలోంచి తీయకూడదు, ఎవరు ఎప్పుడు నిజంగా చెల్లిస్తారన్న దాని నుంచి తీయాలి. పాత రెండేళ్ల చెల్లింపుల చరిత్ర ఇస్తే ఒక్కో కస్టమర్ మామూలుగా ఎన్నో రోజున చెల్లిస్తాడో విద్యార్థులు తీసిపెడతారు. సెమిస్టర్ నడుస్తుండగానే ప్రతి వారం అంచనానీ అసలునీ పోల్చి చూసుకోవచ్చు, క్లాసులో దొరకని పాఠం ఇది.

ఒకే బిల్లుకి రెండుసార్లు చెల్లించిన సందర్భాలు వెతకడం, పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రశీదు, బిల్లు ఈ మూడూ సరిపోతున్నాయా చూడటం, ఒక యంత్రం కొనాలా అద్దెకి తీసుకోవాలా అన్న లెక్క, బడ్జెట్‌కీ అసలు ఖర్చుకీ తేడా ఎందుకొచ్చిందన్న విశ్లేషణ, ఇవీ ఒక సెమిస్టర్‌లో ఇమిడిపోతాయి. రెండుసార్ల చెల్లింపుల విషయంలో ఒక కిటుకు చెబుతాను. ఒకే బిల్లు నంబరు కోసం వెతికితే పెద్దగా దొరకవు, 1047 అని ఒకసారి, 01047 అని ఇంకోసారి ఎక్కించినవి, ఒకే సరఫరాదారు రెండు వేర్వేరు కోడ్‌ల కింద ఉన్నవి వెతకమనండి, అక్కడ దొరుకుతాయి.

ఇవ్వకూడనివి కూడా ఉన్నాయి. చట్టప్రకారం జరగాల్సిన ఆడిట్, పన్ను రిటర్నులు, బ్యాంకుకో కోర్టుకో చూపించాల్సిన వాల్యుయేషన్, ఇవి అర్హత ఉన్న నిపుణులు బాధ్యత తీసుకుని చేయాల్సిన పనులు, విద్యార్థుల రిపోర్టు చూపించి బయటివాళ్లని నమ్మించబోవడం అందరికీ ప్రమాదం. ఫలానా ఉద్యోగి మీద అనుమానం ఉంది, పిల్లలతో తవ్విద్దాం అనుకోవడం ఇంకా పెద్ద తప్పు, ఇరవై ఏళ్ల విద్యార్థిని అలాంటి గొడవలోకి లాగకూడదు. ఆరు నెలలుగా ఎక్కించకుండా పేరుకుపోయిన వోచర్లు ఎక్కించడం, రశీదులు స్కాన్ చేయడం ప్రాజెక్టు అనిపించుకోదు, దానికి మనిషిని పెట్టుకుని జీతమివ్వండి.

ప్రొఫెసర్‌ని కలవడం

చాలామంది ప్లేస్‌మెంట్ సెల్‌కి ఫోన్ చేసి ఆగిపోతారు. అక్కడి నుంచి మొదలుపెట్టినా పరవాలేదు గానీ మీరు మాట్లాడాల్సింది ఆ కోర్సు చెప్పే ప్రొఫెసర్‌తో. కాస్ట్ అకౌంటింగ్, ఆడిటింగ్, ఫైనాన్షియల్ ఎనాలిసిస్, చివరి ఏడాది ప్రాజెక్టు కోర్సు, వీటిలో మీ ప్రశ్న దేనికి సరిపోతుందో చూసుకుని, సెమిస్టర్ మొదలవడానికి రెండు మూడు నెలల ముందే వెళ్లండి. క్లాసులు మొదలయ్యాక వెళితే సిలబస్ అప్పటికే ఖరారై ఉంటుంది.

వెళ్లినప్పుడు ఒక పేజీ కాగితం తీసుకెళ్లండి. మీ వ్యాపారం ఏంటో నాలుగు వాక్యాలు, ప్రశ్న ఒక వాక్యం, జవాబు ఎవరు వాడతారు, ఏయే లెక్కలు ఇవ్వగలరు, ఎవరితో మాట్లాడాలి, ఈ ప్రాజెక్టు పరిధిలోకి రానివి ఏంటి. అంతకన్నా రాయొద్దు. ప్రొఫెసర్‌ని మీరు అడగాల్సినవి కూడా ఉన్నాయి. నాలుగో వారానికి విద్యార్థులకి ఏమేం వచ్చి ఉంటుంది? మార్కులు దేనికి వేస్తారు? రెండో ప్రశ్న తేలిగ్గా తీసుకోకండి. ప్రొఫెసర్ పద్ధతికి, రాతకి మార్కులు వేస్తారు, మీకు కావాల్సింది ఫలితం, ఈ రెండూ వేరైతే విద్యార్థులు మార్కుల వైపే వెళతారు, వెళ్లాలి కూడా. మీ ఇద్దరూ ముందే కూర్చుని, మీకు కావాల్సిన ఎక్సెల్ ఫైల్ కూడా మార్కుల్లో భాగమయ్యేలా చూసుకుంటే ఈ గొడవే ఉండదు.

బృందంలో ఒకరు పనిచేయకుండా తప్పించుకుంటున్నారని మీకు తెలిస్తే ప్రొఫెసర్‌కి చెప్పండి, మీరు పంచాయితీ చేయకండి.

డబ్బు సంగతి. కోర్సులో భాగంగా, క్రెడిట్లు వచ్చేలా చేసే ప్రాజెక్టుకి జీతం ఇవ్వకపోవడం చాలాచోట్ల మామూలే. అయినా ప్రయాణ ఖర్చులు, అవసరమైన సాఫ్ట్‌వేర్ ఖర్చులు మీరే పెట్టుకోండి. సెమిస్టర్ అయిపోయాక "ఇంకో చిన్న పనుంది" అని పిలిస్తే మాత్రం అది పని, దానికి డబ్బివ్వాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. చదువు పేరుతో ఉచితంగా పనిచేయించుకునే వ్యాపారం ఆ క్యాంపస్‌లో పేరు పోగొట్టుకుంటుంది, మర్నాడు ఉద్యోగాలిస్తామన్నా మంచివాళ్లు రారు.

కాగితాలు, లెక్కలు

మొదటి ఫైల్ పంపేముందే ఒక చిన్న ఒప్పందం రాసుకోండి. గోప్యత ఎంతవరకు, రిపోర్టు, ఫైళ్లు ఎవరివి, విద్యార్థి తన రెజ్యూమెలో ఏం రాసుకోవచ్చు, ప్రొఫెసర్ దీన్ని కేస్ స్టడీగా వాడుకోవచ్చా, ప్రాజెక్టు అయ్యాక డేటా ఎప్పుడు చెరిపేయాలి, మీ అంకెల్ని బయటి ఏఐ టూల్స్‌లో పెట్టొచ్చా లేదా. చివరిది ఇప్పుడు తప్పకుండా రాయాలి, లేకపోతే ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే మీ లెడ్జర్ మొత్తం ఎక్కడో అప్‌లోడ్ చేసేస్తారు. విద్యార్థుల వైపు నుంచి కూడా ఆలోచించండి, పేర్లు, అంకెలు చెప్పకుండా ఏం చేశారో ఇంటర్వ్యూలో చెప్పుకునే వీలు వాళ్లకి ఉండాలి.

ఇక డేటాని ఎలా మార్చి ఇవ్వాలి అన్నది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ భయపడి అన్నీ దాచేస్తే ప్రాజెక్టు చచ్చిపోతుంది, ఏమీ దాచకపోతే మీ మీదకొస్తుంది. కస్టమర్లు, సరఫరాదారులు, ఉద్యోగుల పేర్లు తీసేసి కోడ్‌లు పెట్టండి, ఏ కోడ్ ఎవరిదన్న జాబితా మీ దగ్గరే ఉంచుకోండి. బ్యాంకు ఖాతా నంబర్లు, ఫోన్లు, చిరునామాలు పూర్తిగా తీసేయండి. అసలు మొత్తాలు తెలియకూడదనుకుంటే అన్ని అంకెల్నీ ఒకే రహస్య సంఖ్యతో గుణించండి, నిష్పత్తులు, శాతాలు, రోజుల లెక్కలు ఏవీ మారవు. కానీ ఇలా చేస్తే గుండ్రటి అంకెలు కనిపించకుండా పోతాయి, ఆమోదం అక్కర్లేని పరిమితికి కొంచెం కిందే ఆగిన చెల్లింపుల్ని వెతకాలంటే ఆ పరిమితిని కూడా అదే సంఖ్యతో గుణించి ఇవ్వాలి. తేదీలు జరపాలనుకుంటే ఇంకా జాగ్రత్త. ఏడు గుణిజాల్లో జరిపితే సోమవారం సోమవారంగానే ఉంటుంది గానీ నెలాఖరు చెదిరిపోతుంది, నెలాఖరులో హడావిడిగా చేసిన ఎంట్రీలు చూడటం మీ ప్రశ్నలో భాగమైతే తేదీలు ముట్టుకోకండి. పేర్లు కోడ్‌లుగా మార్చినంత మాత్రాన చట్టం దృష్టిలో అది వ్యక్తిగత సమాచారం కాకుండా పోదు, 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం కోడ్ వేసిన డేటా కూడా వ్యక్తిగత డేటానే. మీ దగ్గరి చట్టం ఏమంటుందో మీ లాయర్‌ని ఒకసారి అడిగాకే పంపండి.

ప్రతి ఫైల్‌తోనూ దాని మొత్తం ఎంత, ఎన్ని వరసలు అన్నది రాసి ఇవ్వండి, అప్పుడు అంతా అందిందో లేదో వాళ్లే సరిచూసుకుంటారు. అలాగే మీ లెక్కల్లో ఉన్న వింతలు ఒక పేజీలో రాయండి: ఫలానా నెలలో సాఫ్ట్‌వేర్ మార్చాం, ఆ పాత బ్రాంచి ఖర్చులు ఈ ఖాతాలో కలిసిపోయాయి, "ఇతర ఖర్చులు"లో ఏమేం ఉంటాయి. మీ అకౌంటెంట్ అరగంటలో రాసేయగల ఈ పేజీ లేక విద్యార్థులు రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకుంటారు.

సెమిస్టర్ నడుస్తున్నప్పుడు

మొదటి వారం వాళ్లని పిలిచి ఒకే ఒక ఆర్డర్‌ని మొదటి నుంచి చివరిదాకా చూపించండి. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి, సరుకు కదిలి, బిల్లు తయారై, డబ్బు బ్యాంకులో పడి, లెడ్జర్‌లో ఎక్కే వరకు. ఆడిటర్లు దీన్నే వాక్‌త్రూ అంటారు. మీ కంపెనీ చరిత్ర మీద గంటన్నర ప్రజెంటేషన్ కన్నా ఇది వంద రెట్లు మేలు.

మీ సిబ్బందికి ముందే చెప్పండి. ఎవరో పిల్లలు వచ్చి మన బిల్లులు తిరగేస్తున్నారంటే అకౌంట్స్‌లో కూర్చున్న మనిషికి టెన్షన్ వస్తుంది, తనమీద విచారణ జరుగుతోందనుకుంటాడు, అడిగిందానికి ముక్తసరిగా జవాబిస్తాడు. మీరే వెళ్లి, ఇది నీ పని తేలిక చేయడానికి, నువ్వు రోజూ పడే ఇబ్బందులు వాళ్లకి చెప్పు అని చెబితే అతనే మీ ప్రాజెక్టుకి అసలైన బలమవుతాడు. ఎక్కడ లోపముందో చాలావరకు అతనికి తెలుసు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదంతే.

మీ వైపు నుంచి ఒక మనిషి, వారానికి ఒక గంట, వారం తప్పకుండా. ఇది కుదరదనుకుంటే ఈ సెమిస్టర్‌కి ప్రాజెక్టు తీసుకోకండి, నిజంగా చెబుతున్నాను, వచ్చేసారి చూద్దాం అనడం గౌరవంగా ఉంటుంది. ప్రశ్నలన్నీ ఒకే షీట్‌లో రాసుకోమనండి, అడిగిన తేదీ, జవాబిచ్చిన తేదీతో సహా. రెండు వారాలుగా జవాబు రాని ప్రశ్నలు అందులో కనిపిస్తుంటే ఆలస్యం ఎవరి వల్లో అందరికీ తెలిసిపోతుంది.

ఐదు లేదా ఆరో వారంలో చిత్తు అంకెలు చూపించమనండి, రంగులు, గ్రాఫులు ఏమీ వద్దు. ప్రశ్న దారి తప్పి ఉంటే సర్దుకోవడానికి ఇదే ఆఖరి మంచి అవకాశం. మీకు నచ్చే జవాబేంటో మాత్రం ఆ మీటింగులో బయటపెట్టకండి. యజమాని నోటి నుంచి ఆ మాట ఒక్కసారి వస్తే మార్కుల కోసం చూసే విద్యార్థి అటే వంగుతాడు, వాళ్ల కొత్త చూపు వల్ల మీకు రావాల్సిన లాభం అక్కడితో పోతుంది.

ఆ చూపుకి ఎంత విలువుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1998లో కార్నెల్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ విద్యార్థులు కొందరు ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీని విశ్లేషించే ప్రాజెక్టు చేశారు. వాళ్ల చేతిలో ఉన్నవి అందరికీ దొరికే ఆర్థిక నివేదికలే. లాభాల్లో మాయ జరుగుతోందా అని అంచనా వేసే మెసోద్ బెనిష్ మోడల్ కూడా వాడి, ఈ కంపెనీ లాభాల్ని తారుమారు చేస్తూ ఉండొచ్చు, షేర్లు అమ్మేయండి అని రాశారు. ఎన్రాన్ దివాలా పిటిషన్ వేసింది 2001 డిసెంబర్‌లో. పెద్ద పెద్ద విశ్లేషకులు ఆ చివరి నెలల దాకా ఆ షేరు కొనమనే చెబుతూ వచ్చారు. విద్యార్థులకి ఆ కంపెనీతో ఏ వ్యాపార సంబంధమూ లేదు, ఎవరినీ మెప్పించాల్సిన పనిలేదు, క్లాసులో నేర్చుకున్నది ఉన్నదున్నట్టు వాడారు.

అంకెల పరీక్షల విషయంలో ఒక హెచ్చరిక. ఆడిటింగ్ చదివిన బృందమైతే బెన్‌ఫర్డ్ సూత్రం వాడతామని ఉత్సాహపడతారు. సహజంగా పుట్టిన అంకెల గుంపులో 1తో మొదలయ్యేవి 30.1 శాతం, 9తో మొదలయ్యేవి 4.6 శాతమే ఉంటాయన్నది ఆ సూత్రం. 1881లో సైమన్ న్యూకూంబ్ గమనించాడు, 1938లో ఫ్రాంక్ బెన్‌ఫర్డ్ ఎన్నో రకాల డేటా మీద చూపించాడు. అన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించినా ఈ పంపిణీ చెడదు, కాబట్టి మీరు మార్చి ఇచ్చిన డేటా మీదా పనిచేస్తుంది. కానీ మీ చెల్లింపులు కొన్ని వందలే ఉన్నా, చాలావరకు ఒకే నెలవారీ అద్దెలు, ఫీజులు ఉన్నా ఆ పంపిణీ ఎలాగూ కుదరదు. కుదరకపోతే మోసం జరిగినట్టు కాదు, ఆ గుంపులోని బిల్లులు తీసి చూడాలి, అంతే. రిపోర్టులో "మోసం" అన్న మాట రాసేముందు ప్రొఫెసర్ చదవాల్సిందేనని ముందే చెప్పండి.

ఫైల్ సరిగ్గా ఉందో లేదో

రిపోర్టు ఎంత అందంగా ఉన్నా మీ చేతిలో మిగిలేది ఎక్సెల్ ఫైల్. అది మీ అకౌంటెంట్ తెరిచి, వచ్చే నెల కొత్త అంకెలు వేస్తే పనిచేయాలి. ఊహలన్నీ ఒకే షీట్‌లో ఉండాలి, ప్రతి ఊహ పక్కన అది ఎక్కడ్నుంచి వచ్చిందో రాసి ఉండాలి. ఫార్ములాల మధ్యలో అంకెలు ఇరికించకూడదు. మొత్తాలు మీ ట్రయల్ బ్యాలెన్స్‌తో (అన్ని ఖాతాల నిల్వల పట్టికతో) సరిపోతున్నాయని చూపించే గడి ఒకటి ఉండాలి. ఇవన్నీ మొదటి వారంలోనే చెప్పండి, చివర్లో చెబితే విద్యార్థులు రాత్రంతా మేలుకుని మళ్లీ కట్టాల్సి వస్తుంది.

ఇది చాదస్తం అనిపిస్తే 2013లో జరిగింది చూడండి. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన పేపర్‌లో, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని తేల్చారు. మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్‌హెర్స్ట్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ క్లాసు అసైన్‌మెంట్‌గా ఆ లెక్కని మళ్లీ చేసి చూస్తే ఎంతకీ సరిపోలేదు. ఆ ఇద్దరినీ అడిగి అసలు స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుంటే, సగటు తీసే ఫార్ములా ఐదు దేశాల వరసల్ని వదిలేసినట్టు కనిపించింది. దానికి తోడు కొన్ని దేశాల్లో కొన్నేళ్ల డేటా వదిలేయడం, సగటులో ఒక్కో దేశానికి ప్రాధాన్యం (వెయిట్) ఇచ్చిన తీరు కూడా కలిపి సరిచేసి, ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి ప్రచురించిన లెక్కలో ఆ సగటు 2.2 శాతానికి వచ్చింది. అసలు ఫైల్ చేతికి రావడం వల్లే ఆ తప్పు దొరికింది, మీరూ తయారైన సారాంశాలు కాకుండా అసలు ఫైళ్లే ఇవ్వండి. ఫార్ములా రేంజ్ పొరపాటు అంతటివాళ్లకి జరిగినప్పుడు మీ బృందానికీ జరుగుతుంది, కాబట్టి ఒకరు కట్టిన ఫైల్‌ని ఇంకొకరు మొదటి నుంచి సరిచూడాలన్న నియమం పెట్టండి.

ఒకటే అంకె ఇస్తే ఒప్పుకోకండి. బాకీలు పది రోజులు ఆలస్యంగా వస్తే ఏమవుతుంది, అమ్మకాలు పదో వంతు తగ్గితే ఏమవుతుంది, ఏ ఊహ మారితే జవాబే తలకిందులవుతుంది అని అడగండి.

చివరి ప్రజెంటేషన్, తర్వాత

ఆ రోజు గదిలో నిర్ణయం తీసుకోగల మనిషి ఉండాలి. ఆ మనిషి రాకుండా హెచ్ఆర్ నుంచి ఇద్దర్ని పంపితే విద్యార్థులకి అర్థమైపోతుంది. మధ్యలో అడ్డుపడకుండా వినండి, తర్వాత గట్టిగా అడగండి. అంకె తప్పని మీకు అనిపిస్తే ఎక్కడ తప్పుందో ఫైల్‌లో చూపించి చెప్పండి, "మా ఫీల్డ్‌లో అలా ఉండదమ్మా" అని కొట్టిపారేయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. వాళ్లు చెప్పింది నచ్చకపోయినా సరైనదైతే అక్కడే ఒప్పుకోండి.

రెండు వారాల్లోగా ఒక పేజీ రాసి పంపండి: మీ సూచనల్లో ఇవి చేస్తున్నాం, ఇవి చేయడం లేదు, ఎందుకంటే. ప్రొఫెసర్‌కీ కాపీ పంపండి. ప్రతి విద్యార్థికీ ఏ పని చేశాడో పేరుపేరునా చెప్పే ఉత్తరం ఇవ్వండి, అందరికీ ఒకే మూస సర్టిఫికెట్ ఇస్తే దాన్ని ఎవరూ చదవరు. వాళ్లలో ఎవరికైనా ఉద్యోగం ఇద్దామనిపిస్తే ఇవ్వండి, ఒక సెమిస్టర్ పాటు పని చూశాక ఇంటర్వ్యూలో కొత్తగా తెలిసేది పెద్దగా ఉండదు, కాకపోతే మార్కులు వచ్చేవరకు ఆగి అడగండి, లేకపోతే బృందంలో మిగతావాళ్ల మనసు పనిలో ఉండదు.

ఆర్నెల్ల తర్వాత ఇంకో మెయిల్ పెట్టండి, 61 రోజులు 48కి వచ్చాయనో, ఏమీ మారలేదనో, నిజం ఏదైతే అది. ఇంకో సెమిస్టర్‌కి కొత్త బృందాన్ని తీసుకుంటుంటే పాత బృందం ఫైల్‌ని, ఆ తర్వాతి నెలల అసలు లెక్కల్ని వాళ్ల చేతికిచ్చి, ముందు పాత అంకెలు మళ్లీ తెచ్చి చూపించండి, రాకపోతే ఎందుకు రాలేదో రాయండి అనండి. మొదటి మూడు వారాలకి అంతకన్నా మంచి పని ఉండదు, మీ వ్యాపారం వాళ్లకి అర్థమవుతుంది, పాత ఫైల్‌లో తప్పులుంటే మీకు తెలుస్తాయి.